డిస్నీలాండ్ ఏడాది పాస్ గిట్టుబాటు అవుతుందా? కొనేముందు వేయాల్సిన లెక్క

డిస్నీలాండ్‌కి మొదటిసారి వెళ్లి రాత్రి బయటికొచ్చేసరికి కాళ్లు లాగుతుంటాయి. ఫోన్‌లో ఛార్జింగ్ ఉండదు, చిన్నవాడు స్ట్రోలర్‌లోనే నిద్రపోయి ఉంటాడు. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు అంటారు: “ఈ టికెట్ల డబ్బుకి ఇంకాస్త కలిపితే ఏడాదంతా రావచ్చంట కదా?” ఆ ‘ఇంకాస్త’ ఎంతో అప్పుడు ఎవరూ అడగరు. మర్నాడు అడిగినా, అందరూ వేసే లెక్క ఒకటే. పాస్ ధరని టికెట్ ధరతో భాగిస్తారు. ఏడో ఎనిమిదో వస్తుంది. “ఏడాదిలో ఎనిమిదిసార్లు వెళ్లలేమా?” అనుకుంటారు, కొనేస్తారు.

ఆ భాగహారం తప్పు కాదు, కానీ అది సగం లెక్కే. మీరు వెళ్లగలిగే రోజుల్లో ఆ పాస్ చెల్లుతుందో లేదో అందులో లేదు. పాస్ లేకపోతే మీరు నిజంగా ఎన్నిసార్లు వెళ్లేవారో లేదు. అంతకంటే చౌక టికెట్ దొరికే దారులూ అందులో లేవు. మిగతా సగం ఎలా వేయాలో కింద రాశాను. కాలిఫోర్నియాలో ఉండే తెలుగు కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని, అనహైమ్‌లోని డిస్నీలాండ్‌ని ఉదాహరణగా తీసుకున్నాను. వేరే పార్కులకీ ఇదే పద్ధతి పనికొస్తుంది, వాటి సంగతి చివర్లో.

ధరలన్నీ 2024 అక్టోబరు పెంపు నాటివి, ఆ తర్వాత మళ్లీ మారాయి. ధరలు దాదాపు ఏటా మారుతున్నాయి, పాస్‌ల పేర్లు కూడా మారుతుంటాయి. మీరు కొనే రోజు అంకెలు పెట్టి మళ్లీ వేసుకోండి.

ముందుగా, మీరు కొనేది ఏమిటి?

డిస్నీలాండ్ 1955 జులై 17న తెరిచారు. దాని ఎదురుగానే ఉన్న కాలిఫోర్నియా అడ్వెంచర్ 2001 ఫిబ్రవరి 8న వచ్చింది. ఏడాది పాస్ రెండింటికీ చెల్లుతుంది. 2020 మార్చిలో కరోనాకి మూసేసిన పార్కు 2021 ఏప్రిల్ 30 దాకా తెరుచుకోలేదు. ఈ మధ్యలోనే, 2021 జనవరిలో, యాన్యువల్ పాస్‌పోర్టులు అనే పాత ఏడాది పాస్‌లను పూర్తిగా ఎత్తేశారు. వాటి స్థానంలో అదే ఏడాది ఆగస్టులో మ్యాజిక్ కీ వచ్చింది.

మారింది పేరొక్కటే కాదు. పాత పాస్ ఉంటే, మూత (ఆ పాస్ చెల్లదని పార్కు వాళ్లు ముందే ప్రకటించే బ్లాకౌట్) లేని రోజున నేరుగా గేటు దగ్గరికి వెళ్లిపోవడమే. కొత్త కీ ఉన్నా ముందుగా ఆ తేదీకి రిజర్వేషన్ చేసుకోవాలి. కోటా నిండిపోతే మీ చేతిలో కీ ఉన్నా లాభం లేదు. పాత రోజుల్లో పాస్ వాడిన స్నేహితులు “మేమైతే ఆఫీసు నుంచి నేరుగా వెళ్లిపోయేవాళ్లం” అని చెబితే నమ్మండి, కానీ ఆ మాట పట్టుకుని మీరు కొనకండి.

ఈ రిజర్వేషన్ గొడవ కోర్టుకి కూడా ఎక్కింది. 2021లో 1399 డాలర్ల డ్రీమ్ కీని ‘మూత రోజులు లేవు’ అని అమ్మారు. కొన్న ఒకావిడ రిజర్వేషన్ చేయబోతే, మామూలు టికెట్లు దొరుకుతున్న రోజుల్లోనే కీలకు ఖాళీ లేదని కనిపించింది. ఆవిడ వేసిన దావా, కీ కొన్నవాళ్లందరి తరఫు దావాగా మారి, 2023లో 95 లక్షల డాలర్ల రాజీకి వచ్చింది. డ్రీమ్ కీ 2022లోనే పోయింది, ఇన్‌స్పైర్ అని ఇంకొకటి వచ్చింది. మనం నేర్చుకోవాల్సింది ఒకటే: ‘మూత లేదు’ అన్నదీ ‘ఖాళీ ఉంది’ అన్నదీ వేర్వేరు మాటలు.

నేను లెక్కకి తీసుకున్నవి 2024 చివర్లో అమ్మిన నాలుగు కీలు: ఇమాజిన్ 599, ఎన్‌చాంట్ 974, బిలీవ్ 1374, ఇన్‌స్పైర్ 1749 డాలర్లు. ధర తగ్గేకొద్దీ మూత రోజులు పెరుగుతాయి. ఇమాజిన్ దక్షిణ కాలిఫోర్నియా వాళ్లకే ఇస్తారు, అంటే జిప్ కోడ్ 90000 నుంచి 93599 లోపు ఉండాలి. నెలవారీ వాయిదాలు కాలిఫోర్నియా వాసులకే. రెండు విషయాలు మాత్రం కొనేముందే తెలియాలి. మూడేళ్లు నిండని పిల్లలకి టికెట్టే అక్కర్లేదు. మూడు నిండాక కీ కొంటే పిల్లలకీ పెద్దలకీ ఒకటే ధర. రోజు టికెట్‌లో పిల్లలకి కొద్దిగానైనా తగ్గింపు ఉంటుంది, కీలో అదీ లేదు.

మొదటి అడుగు: ఇంటి క్యాలెండర్ తీయండి

డబ్బు లెక్క కంటే ముందు తేదీల లెక్క. నా ఉద్దేశంలో సగం మందికి నిర్ణయం ఇక్కడే అయిపోతుంది, ఇంకేమీ చదవక్కర్లేదు.

ఒక కాగితం మీద రాబోయే పన్నెండు నెలలు రాయండి. మీ ఇంట్లో అందరూ కలిసి వెళ్లగలిగే రోజులకు మాత్రమే సున్నా చుట్టండి. బడికి వెళ్లే పిల్లలూ, ఇద్దరూ ఉద్యోగస్తులూ ఉన్న ఇంట్లో ఆ సున్నాలు ఎక్కడెక్కడ పడతాయో చెప్పనక్కర్లేదు. శని, ఆదివారాలు, స్ప్రింగ్ బ్రేక్, వేసవి సెలవులు, థ్యాంక్స్‌గివింగ్ వారం, క్రిస్మస్ సెలవులు. ఇప్పుడు మీరు కొనాలనుకున్న కీకి పార్కు వాళ్లు ప్రకటించిన బ్లాకౌట్ క్యాలెండర్ తెరిచి, మూత ఉన్న తేదీలను కొట్టేయండి. చౌక కీ అయితే కొట్టేసిన గీతలన్నీ మీ సున్నాల మీదే పడతాయి. ఇది కాకతాళీయం కాదు. అందరికీ సెలవు ఉన్న రోజున పార్కు ఎటూ నిండుతుంది. కీలు అమ్మేది నిండని రోజుల్ని నింపుకోడానికి.

మిగిలిన సున్నాల్లో మరో మూడో వంతు తీసేయండి. జ్వరాలు, పుట్టినరోజు పార్టీలు, శనివారం పొద్దున కూచిపూడి క్లాసులు, మనబడి తెలుగు క్లాసులు, ఇండియా ప్రయాణం, ఇంటికి వచ్చే చుట్టాలు, ఇవన్నీ ఆ మూడో వంతులోకి వస్తాయి. ఇండియా ప్రయాణం ఉన్న ఏడాది అయితే నేరుగా ఒకటి రెండు నెలలు కొట్టేయాలి. ఇంత మామూలు విషయం మేమే మర్చిపోయాం. కొన్నేళ్ల కిందట ఒక పార్కు పాస్ మే నెలలో కొని, జూన్ రెండో వారంలో హైదరాబాద్ విమానం ఎక్కాం. తిరిగొచ్చేసరికి బడులు తెరిచారు.

రిజర్వేషన్లకీ హద్దుంది. ఒకేసారి చేతిలో పెట్టుకోగలిగే రిజర్వేషన్లు 2024 చివర్లో ఇమాజిన్‌కి రెండు, ఎన్‌చాంట్‌కి నాలుగు, బిలీవ్‌కీ ఇన్‌స్పైర్‌కీ ఆరేసి. రద్దు చేయకుండా 90 రోజుల్లో మూడుసార్లు ఎగ్గొడితే 30 రోజుల పాటు కొత్తవి చేయనివ్వరు. ‘ఎందుకైనా మంచిదని’ అన్ని శనివారాలూ ముందే పట్టుకుని ఉంచుకునే అలవాటు ఇక్కడ కుదరదు.

అన్నీ పోగా మిగిలిన రోజులెన్నో రాసుకోండి. అది ఐదు కంటే తక్కువైతే ఇక్కడితో ఆపేయండి, రోజు టికెట్లే మీకు దారి.

రెండో అడుగు: రెండు అంకెలు, ఒక తేడా

ఇప్పుడు డబ్బు. దీనికి రెండు అంకెలు కావాలి. పాస్ లేకపోతే ఏడాదిలో ఎన్నిసార్లు వెళ్తారు? పాస్ ఉంటే ఎన్నిసార్లు వెళ్తారు? మొదటిదానికి నిజాయితీగా జవాబు చెప్పడం కష్టం. గడిచిన రెండేళ్లలో ఎన్నిసార్లు వెళ్లారో ఫోన్‌లో ఫొటోలు చూసి లెక్కపెట్టండి, దానికి మించి వేసుకోకండి.

ఒక ఇల్లు తీసుకుందాం. అనహైమ్‌కి దగ్గర్లోని అర్వైన్‌లో ఉంటారు, అమ్మా నాన్నా ఐదేళ్ల పాపా. ఇద్దరూ ఉద్యోగస్తులు, కాబట్టి వెళ్తే వారాంతమే. పాస్ లేకపోతే ఏడాదికి మూడుసార్లు వెళ్తారు. 2024 పెంపు తర్వాత, రద్దీని బట్టి రోజు టికెట్ 104 నుంచి 206 డాలర్ల దాకా ఉండేది. వారాంతం కాబట్టి ముగ్గురికీ కలిపి ఒక్కసారికి 470 అనుకుందాం, పార్కింగ్ 35. మొత్తం 505. మూడుసార్లకి 1515 డాలర్లు.

పాస్ కొంటే పద్నాలుగుసార్లు వెళ్తామని ధీమాగా అంటున్నారు. సరే, నమ్ముదాం. మూడు బిలీవ్ కీలు 4122. ఆ కీకి పార్కింగ్ సగం ధర, పద్నాలుగుసార్లకి 245. మొత్తం 4367.

అందరూ వేసే లెక్క ప్రకారం 4367ని పద్నాలుగుతో భాగిస్తే ఒక్కసారికి 312. ‘505 పెట్టాల్సిన చోట 312కే అయిపోయింది’ అని సంతోషం. కానీ మొదటి మూడుసార్లు ఎలాగూ వెళ్లేవాళ్లే కదా? అవి 1515తోనే అయిపోయేవి. 4367 నుంచి 1515 తీసేస్తే 2852. ఆ డబ్బుతో కొన్నది మిగతా పదకొండుసార్లు. ఒక్కొక్కటి 259 డాలర్లు పడింది.

ఇప్పుడు ప్రశ్న మారిపోయింది. ‘పాస్ వల్ల ఎంత మిగిలింది’ అని కాదు. ఏదో ఒక ఆదివారం మధ్యాహ్నం పాపని తీసుకుని నాలుగైదు గంటలు పార్కుకి వెళ్లి రావడానికి 259 డాలర్లు అప్పటికప్పుడు జేబులోంచి తీసి ఇస్తారా? కొందరు ఇస్తారు, వాళ్లకి ఈ కీ సరైనదే. నేనైతే ఇవ్వను. ఆ డబ్బుకి ముగ్గురం ఇంకో ఊరు చూసొస్తాం.

అదే ఊళ్లో ఇంకో ఇల్లు చూడండి. నాన్నకి ఉద్యోగం, అమ్మ హెచ్4 వీసా మీద ఇంట్లో ఉంటుంది, పాపకి మూడున్నరేళ్లు, ఇంకా బడి లేదు. వీళ్లకి వారం మధ్యలో పగళ్లన్నీ ఖాళీయే. పాస్ లేకపోతే తల్లీ కూతురూ ఏడాదికి మూడుసార్లు, వారం మధ్యలో వెళ్లేవాళ్లనుకుందాం. ఇద్దరి టికెట్లూ దాదాపు 253, పార్కింగ్ 35, మొత్తం 288. మూడుసార్లకి 864. రెండు ఇమాజిన్ కీలు కొంటే 1198. ఇరవైసార్లు వెళ్తే పార్కింగ్, ఏ తగ్గింపూ వేసుకోకుండా, 700. మొత్తం 1898. తేడా 1034, అదనంగా వెళ్లినవి పదిహేడుసార్లు. ఒక్కొక్కటి 61 డాలర్లు. చిన్న పిల్లతో ఇంట్లో ఒంటరిగా ఉండే తల్లికి రెండు మూడు వారాలకోసారి అలా బయటపడటం 61 డాలర్లకి చౌకే. ఇద్దరూ పన్నెండింటికి ఇంటికొచ్చేసి మధ్యాహ్నం నిద్ర కూడా పోవచ్చు.

ఒకే ఊరు, ఒకే పార్కు. ఒక ఇంటికి 259, ఇంకో ఇంటికి 61. అందుకే “మా పక్కింటివాళ్లకి బాగా గిట్టింది” అన్న మాటతో మనకేమీ తేలదు.

మూడో అడుగు: పోల్చాల్సింది గేటు ధరతో కాదు

పై లెక్కలో రోజు టికెట్లకు మామూలు ధరే వేశాను. నిజానికి అంతకంటే తక్కువకి దొరుకుతాయి. సంక్రాంతి దాటాక పార్కులో జనం పలచబడతారు, అప్పుడే కాలిఫోర్నియా వాసులకి తగ్గింపు టికెట్లు పెడుతుంటారు. 2024లో సోమవారం నుంచి గురువారం దాకా చెల్లే మూడు రోజుల టికెట్ 225 డాలర్లకి ఇచ్చారు. 2025లో 199కే ఇచ్చారు, అంటే రోజుకి 67 కంటే తక్కువ. ఆ రెండేళ్లూ ఏడాది మొదట్లో, మూడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకి రోజు టికెట్ 50 డాలర్లే.

మళ్లీ ఒకసారి చూడండి. పిల్లకి కీ కొంటే పెద్దవాళ్ల ధరే, అదే ఆఫర్ ఉన్న ఫిబ్రవరిలో టికెట్ అయితే 50. పిల్లలిద్దరున్న ఇంట్లో ఈ ఒక్క తేడాతోనే పాస్ లెక్క తలకిందులవుతుంది. అందుకని పాస్ ధర పక్కన రాసుకోవాల్సింది ఆ ఏడాది మీకు దొరికే అతి చౌక టికెట్ ధర. ఆఫర్ టికెట్లకి గడువుంటుంది, కొన్ని తేదీల్లో చెల్లవు, రోజుకి ఒక పార్కే. కీతో అయితే ఒకే రోజు రెండు పార్కులూ తిరగొచ్చు. ఆ సదుపాయం మీరు వాడేదైతేనే దానికి విలువ కట్టండి.

నాలుగో అడుగు: పిల్లల వయసూ, ఎత్తూ

పిల్లాడికి ఇప్పుడు రెండేళ్ల నాలుగు నెలలు అనుకోండి. ఇంకో ఎనిమిది నెలలు వాడికి ఉచితమే. పెద్దవాళ్లకి కీ కొనాలనే ఉంటే ఇదే సమయం. మూడు నిండాక కీల సంఖ్య ఒకటి పెరుగుతుంది.

ఎత్తు సంగతి చాలామంది గేటు దాటాక గుర్తుచేసుకుంటారు. స్పేస్ మౌంటెన్, బిగ్ థండర్ మౌంటెన్, స్టార్ టూర్స్, అటువైపు కాలిఫోర్నియా అడ్వెంచర్‌లో రేడియేటర్ స్ప్రింగ్స్ రేసర్స్, ఈ రైడ్‌లన్నీ ఎక్కాలంటే 40 అంగుళాలు ఉండాలి. మాటర్‌హార్న్‌కి 42, ఇండియానా జోన్స్‌కి 46, ఇన్‌క్రెడికోస్టర్‌కి 48. ఇంట్లో గోడకి ఆనించి కొలవండి. 37 అంగుళాలు ఉన్న పిల్లకి కీ కొంటే ఏడాదిలో ఎక్కువ భాగం చిన్న రైడ్‌లతోనే గడుస్తుంది. అవి దానికి చాలు, మీకు చాలవు. 39 దగ్గర కొంటే అదే ఏడాది మధ్యలో 40 దాటి కొత్త రైడ్‌లన్నీ తెరుచుకుంటాయి. నన్నడిగితే పాస్‌కి సరైన ఏడాది అదే. చిన్నవాడు ఎక్కలేని రైడ్‌కి అమ్మా నాన్నా వంతులవారీగా వెళ్లేందుకు రైడర్ స్విచ్ ఉంది, రెండోవాళ్లు మళ్లీ మొదటి నుంచి క్యూలో నిలబడక్కర్లేదు.

ఐదో అడుగు: గేటు లోపలి ఖర్చు

పాస్ ఉంటే టికెట్ ఖర్చు లేదు కాబట్టి ఆ రోజంతా ఉచితమే అన్న భ్రమ కలుగుతుంది. పద్నాలుగుసార్లు వెళ్తే పద్నాలుగుసార్లు ఆకలేస్తుంది, పద్నాలుగుసార్లు బొమ్మల కొట్టు ముందు నుంచే నడవాలి. కీకి తిండి మీదా బొమ్మల మీదా తగ్గింపు ఇస్తారు. దాన్ని ‘మిగిలిన డబ్బు’ కింద రాసుకోకండి. పాస్ లేకపోతే సబ్బు బుడగలు ఊదే ఆ బబుల్ వాండ్ కొనేవాళ్లే కాదు కదా.

తిండి విషయంలో మనకి ఒక వెసులుబాటు ఉంది. డిస్నీలాండ్‌లోకి ఇంటి భోజనం తీసుకెళ్లనిస్తారు. గాజు సీసాలు, మద్యం, పెద్ద కూలర్లు కుదరవు. పులిహోర, పెరుగన్నం, చపాతీ రోల్స్, ఒక డబ్బాలో చక్కిలాలు ఉంటే చాలు, నలుగురి మధ్యాహ్న భోజనం ఖర్చు తప్పుతుంది. శాకాహారులకైతే డబ్బు కంటే ముందు ఏం తినాలన్న బెంగ తీరుతుంది. పులిహోర పట్టుకెళ్లే ఇంటికీ, అన్నీ లోపలే కొనే ఇంటికీ ఏడాది తిరిగేసరికి ఒక కీ ధరంత తేడా రావచ్చు.

క్యూలు తప్పించుకునే లైట్నింగ్ లేన్ కీలో భాగం కాదు. 2020కి ముందు ఇదే పని చేసే ఫాస్ట్‌పాస్ ఉచితం. 2021 డిసెంబరులో 20 డాలర్లతో డబ్బు కట్టే పద్ధతి వచ్చింది, ఇప్పుడు మనిషికి 30 దాటింది. పాస్ ఉన్నవాళ్లు దీన్ని కొనకపోవడమే మంచిది. మళ్లీ మళ్లీ రాగలిగినవాళ్లకి ఒక్కరోజులో అన్నీ ఎక్కేయాలన్న తొందర ఉండకూడదు. ఉందంటే మీకు కావాల్సింది పాస్ కాదు, ఒక మంచి రోజు టికెట్.

ఆరో అడుగు: ఇంట్లో ఎవరెవరికి?

పాస్ అందరికీ ఒకేలా కొనాలని ఎక్కడా లేదు. వారం మధ్యలో ఖాళీగా ఉండే ఒకరికీ, పిల్లకీ కీ తీసుకుని, రెండోవారు ఏడాదికి రెండు మూడుసార్లు టికెట్‌తో వెళ్తే ఖర్చు బాగా దిగుతుంది. మా ఇంట్లో ఈ మాట వచ్చినప్పుడు “అయితే నన్ను వదిలేసి వెళ్తారన్నమాట” అని కాస్త చిన్నబుచ్చుకోవడాలు జరిగాయి, అది వేరే సంగతి. కానీ రోలర్ కోస్టర్ అంటే తల తిరిగేవాళ్లకి, రెండు గంటలు తిరగ్గానే బెంచీ వెతుక్కునేవాళ్లకి 1374 డాలర్ల కీ ఎందుకు?

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకీ, అత్తమామలకీ పాస్ అక్కర్లేదు. ఆరు నెలలు ఉన్నా ఒకసారి, మహా అయితే రెండుసార్లు వస్తారు. వాళ్లకి రోజు టికెట్ చాలు, అదీ ఎండాకాలం కాకుండా ఫిబ్రవరి, మార్చిలలో. వాళ్లు ఎక్కువగా ఆనందించేది చుట్టూ తిరిగే పొగబండినీ సాయంత్రం పరేడ్‌నీ. శీతకాలం పండగల వేళ వస్తే కాలిఫోర్నియా అడ్వెంచర్‌లో ఫెస్టివల్ ఆఫ్ హాలిడేస్ జరుగుతుంది, అందులో దీపావళి డ్యాన్సు కూడా ఉంటుంది. మీ కీ వాళ్లకి ఇచ్చి పంపడం కుదరదు. కీ మనిషి పేరు మీద, ఫొటోతో ఉంటుంది.

బే ఏరియా వాళ్లకి ప్రత్యేకంగా

ఫ్రీమాంట్ నుంచో మిల్పీటస్ నుంచో అనహైమ్ 380 మైళ్లకి అటూ ఇటూ ఉంటుంది. ఇంటర్‌స్టేట్ 5 మీద, కెటిల్‌మన్ సిటీలో ఆగి కారు ఛార్జ్ చేసుకుంటూ వెళ్తే ఆరేడు గంటలు. దారిలో ఆఫీసు కాల్ ఒకటి, పిల్లల వాంతులు ఒకసారి ఎలాగూ ఉంటాయి. ఇంత దూరం నుంచి పాస్ కొన్నవాళ్లు ఏడాదికి రెండు ప్రయాణాలు చేస్తారు, గట్టిగా అనుకుంటే మూడు.

రెండు ప్రయాణాలు, ఒక్కోదానికి మూడు రోజులు అనుకోండి. ఒకటి స్ప్రింగ్ బ్రేక్‌లో వారం మధ్యలో పెట్టుకుంటే, ఆఫర్ తేదీలు కలిసొచ్చిన ఏడాది, మనిషికి 199తో అయిపోతుంది. ఇంకోటి మామూలు మూడు రోజుల టికెట్‌తో, 400కి అటూ ఇటూ. మొత్తం 600. ఎన్‌చాంట్ కీ 974, పైగా మీకు సెలవు ఉన్న వారాల్లోనే మూత. ఇక హోటల్, పెట్రోలు, తిండి చూస్తే టికెట్ ఖర్చే చిన్నదైపోతుంది. ‘పాస్ ఉంది కదా’ అని చేసే మూడో ప్రయాణం వెయ్యి డాలర్లు మింగుతుంది, ఆ వెయ్యి ఏ లెక్కలోనూ రాసుకోరు.

కాబట్టి బే ఏరియా నుంచి డిస్నీ పాస్ కొనొద్దనే నా మాట. ఒకే ఒక్క సందర్భంలో మారుతుంది: దక్షిణాన అక్కో తమ్ముడో ఉండి, ఎలాగూ ఏడాదికి నాలుగైదుసార్లు వాళ్లింట్లో దిగేవాళ్లయితే. కాలబాసస్‌లోని మాలిబు వేంకటేశ్వరస్వామి గుడికీ, ఆర్టీసియా పయనీర్ బులెవార్డ్‌లో కిరాణా, చీరల కొట్లకీ ఎటూ వస్తుంటారు కాబట్టి, పార్కు ఒక సాయంత్రం పనిగా కలిసిపోతుంది. అప్పుడు అర్వైన్ లెక్కే మీకూ వర్తిస్తుంది, కాకపోతే ఇమాజిన్ మీకు ఇవ్వరు.

ఇతర పార్కులైతే

సిక్స్ ఫ్లాగ్స్, నాట్స్ బెర్రీ ఫామ్ లాంటి చోట్ల లెక్క చాలా తేలిక. అక్కడ సీజన్ పాస్ ధర రోజు టికెట్‌కి మరీ దూరంగా ఉండదు, పార్కింగ్ కలిసిన పాస్ అయితే రెండోసారికే గిట్టుబాటు అయిపోతుంది. సాధారణంగా శరదృతువులో వచ్చే ఏడాది పాస్ కొంటే ఈ ఏడాది మిగిలిన రోజులకీ చెల్లుతుంది, కొనడానికి అదే మంచి సమయం. మోసపోయేది తిండి దగ్గర, ఎందుకంటే బయటి భోజనం లోపలికి రానివ్వరు. సిక్స్ ఫ్లాగ్స్, నాట్స్‌ని నడిపిన సెడార్ ఫెయిర్ 2024 జులై 1న ఒకే కంపెనీ అయ్యాయి. కాబట్టి ఒక పార్కు పాస్ మిగతావాటికి చెల్లుతుందా అన్నది మీరు కొనే స్థాయిని బట్టి ఉంటుంది, చూసి కొనండి. ఆ గొలుసులోదే శాంటా క్లారాలోని గ్రేట్ అమెరికా. 1976లో తెరిచిన పార్కు, బే ఏరియా తెలుగువాళ్లకి ఇంటి పక్కనే. కానీ దాని స్థలాన్ని 2022లో ప్రొలాజిస్ అనే రియల్ ఎస్టేట్ కంపెనీ 31 కోట్ల డాలర్లకి కొనేసింది, పార్కు లీజు మీద నడుస్తోంది. ఏ ఏడాదికా ఏడాది పాస్ కొనండి, దీర్ఘకాలం ఆశలు పెట్టుకోకండి. కార్ల్స్‌బాడ్‌లోని లెగోలాండ్ రెండు నుంచి పన్నెండేళ్ల పిల్లల కోసం కట్టింది, పెద్దపిల్లకి పదకొండు దాటితే అక్కడి పాస్ గురించి ఆలోచించడం కూడా వృథా.

కొనే రోజు, కొన్నాక

లెక్కలన్నీ వేశాక కూడా ఊగిసలాడుతుంటే ఒక మార్గం ఉంది. ముందు మామూలు టికెట్‌తో వెళ్లండి. టికెట్ గడువు తీరకముందే, కీలు అమ్మకంలో ఉంటే, ఆ టికెట్ డబ్బుని కీ ధరలో మినహాయించుకుని మార్చుకోవచ్చు. బయటికొచ్చాక అడిగితే కుదరకపోవచ్చు, కాబట్టి సాయంత్రం ఐదింటికల్లా ఇద్దరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోండి. బాణసంచా చూశాక కాదు. బాణసంచా చూసినవాళ్లు ఏదైనా కొంటారు. కొన్ని కీల అమ్మకం మధ్యమధ్యలో ఆపేస్తుంటారు, కావాల్సింది ఉందో లేదో ముందురోజు రాత్రే చూసి వెళ్లండి.

వాయిదాల సంగతి. బిలీవ్ 1374ని పన్నెండుతో భాగిస్తే నెలకి 115, వినడానికి జిమ్ ఫీజులా ఉంటుంది. ముగ్గురికి 343. మధ్యలో ఉద్యోగం పోయినా, వేరే రాష్ట్రానికి మారినా వాయిదాలు ఆగవు. ప్రాజెక్టు ఎక్కడికి పడుతుందో తెలియని ఏడాది అయితే ఇంకో ఏడాది ఆగండి.

కొన్న రాత్రే మొదటి రెండు రిజర్వేషన్లు చేసేయండి. ఏడాది గడువు ఏ రోజు నుంచి మొదలైందో చూసి ఫోన్ క్యాలెండర్‌లో రాసుకోండి, ఆ గడువులో పదో నెల మొదలయ్యే రోజుకి ఒక అలారం పెట్టుకోండి. ఆ రోజు కూర్చుని, ఎన్నిసార్లు వెళ్లారో నిజమైన అంకె పెట్టి పైన చెప్పిన తేడా లెక్క మళ్లీ వేయండి. పునరుద్ధరణ ధర మీరు కొన్నప్పటి ధర కాదు. అన్నిటికంటే ఖరీదైన కీ 2021లో 1399, 2024 చివరికి 1749.

మా ఇంట్లో ఆ అలారం మోగినప్పుడు అంకె ఏడు. పద్నాలుగు అనుకుని కొన్నాం. పాప ఆ వారమే 40 అంగుళాలు దాటింది. అయినా ఆ ఏడాదికి మానేసి, ఫిబ్రవరిలో 50 డాలర్ల టికెట్‌తో తీసుకెళ్లి స్పేస్ మౌంటెన్ ఎక్కించాం.